టార్షన్ యాక్సిలా, కమాన్ కట్టలా? కొరాపుట్ జిల్లా పాఠకులకు సమాధానం

ప్రశ్న: నేను సునాబెడలో ఉద్యోగ విరమణ చేసి ఇక్కడే స్థిరపడ్డాను. మా దంపతులిద్దరం పడుకోవడానికి, వండుకోవడానికి వీలుగా ఒక చిన్న ట్రావెల్ ట్రైలర్ చేయించుకుని, మా జీపు వెనుక తగిలించి దేవమాలి, గుప్తేశ్వరం, రాయగడ, గోపాల్‌పూర్ తీరం, అటు సాలూరు మీదుగా విజయనగరం తిరగాలని అనుకుంటున్నాము. సామాను, నీళ్లు కలిపి బండి 1,400 కిలోల దాకా వస్తుందని తయారీదారు లెక్క వేశారు. ఒక్కొక్కటి 1,000 కిలోలు మోసే రెండు టార్షన్ యాక్సిళ్లు (లోపలి రబ్బరు మీద ఆడే ఇరుసులు) వేస్తానని, రెండుంటే నిశ్చింత అని ఆయన అంటున్నారు. మా అల్లుడుగారు కూడా టార్షన్ వైపే ఉన్నారు. సాలూరులో మాకు తెలిసిన కమాన్ మేస్త్రి మాత్రం రబ్బరును నమ్మవద్దు, కమాన్ కట్టలే (ఉక్కు పట్టీల దొంతరలు, అంటే లీఫ్ స్ప్రింగులు) వేయించుకోండి అంటున్నారు. ఎవరి మాట వినాలి? వానాకాలమంతా బండి షెడ్డులోనే ఉంటుంది. దానికి ఏమైనా జాగ్రత్త కావాలా?

సమాధానం:

అయ్యా,

నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. మీరు చెప్పిన బరువుకు ఒక్క టార్షన్ యాక్సిల్ చాలు. అయితే అది ఆ బరువుకు సరిగ్గా అమరేదై ఉండాలి. తయారీదారు చెబుతున్న రెండు టార్షన్ యాక్సిళ్ల ఏర్పాటు మాత్రం మీ దారులకు తగదు. ఏ కారణం చేతనైనా రెండు యాక్సిళ్లే కావాలని మీరు నిశ్చయించుకుంటే, అప్పుడు సాలూరు మేస్త్రి మాట విని కమాన్ కట్టలే వేయించండి. టార్షన్ మంచిదా, కమాను మంచిదా అని విడిగా అడిగితే జవాబు దొరకదు. ఎంత బరువు, ఎన్ని చక్రాలు, ఎలాంటి దారి, చెడిపోతే ఎక్కడ బాగుచేయించాలి అనే నాలుగూ కలిపి చూసినప్పుడే జవాబు వస్తుంది.

ముందుగా టార్షన్ యాక్సిల్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. బయట ఒక చదరపు ఉక్కు గొట్టం ఉంటుంది. దాని లోపల మరొక చదరపు కడ్డీని కాస్త తిప్పి, అంటే దాని అంచులు గొట్టం పలకల వైపు ఉండేటట్లు పెడతారు. అప్పుడు గొట్టం నాలుగు మూలల్లో నాలుగు ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లో గొట్టం పొడవునా నాలుగు రబ్బరు కడ్డీలను గట్టిగా కుక్కుతారు. అమెరికాలోని డెక్స్టర్ సంస్థ చేసే టార్‌ఫ్లెక్స్ రకం ఇలాగే ఉంటుంది. యూరప్‌లో ఆల్కో సంస్థ ఆరు పలకల గొట్టంలో మూడు రబ్బరు కడ్డీలు వాడుతుంది. లోపలి ఉక్కు కడ్డీ చివర వెనక్కి సాగిన ఒక ఆర్మ్, ఆ ఆర్మ్ చివర స్పిండిల్, దానిమీద హబ్బు, చక్రం ఉంటాయి. చక్రం గతుకు ఎక్కినప్పుడు ఆర్మ్ పైకి లేస్తుంది, దానితోపాటు లోపలి కడ్డీ తిరుగుతుంది, తిరిగిన కడ్డీ రబ్బరును గొట్టం మూలలకు అదుముతుంది. మెలితిరిగేది ఉక్కు కాదు, నలిగేది రబ్బరు. కుడి చక్రపు కడ్డీ, ఎడమ చక్రపు కడ్డీ గొట్టంలో వేరువేరుగా ఉంటాయి కాబట్టి ఒక చక్రం గుంతలో పడినా రెండోది తన దారిన తాను పోతుంది. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1960ల నుంచి తన ట్రైలర్లకు ఈ పద్ధతినే వాడుతోంది. కనుక ఇది కొత్తగా వచ్చిన ప్రయోగమేమీ కాదని మీ మేస్త్రిగారికి చెప్పవచ్చు.

కమాన్ కట్టల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. సాలూరు లారీల ఊరు. అక్కడి పనివారికి కమాను పట్టీ విరిగిన చప్పుడు వింటేనే ఎన్నో పట్టీ విరిగిందో తెలుస్తుంది. అయితే లారీ కమానుకూ ట్రైలర్ కమానుకూ ఉన్న తేడా గురించి చివరలో కొంత చెబుతాను.

మీ దారుల్లో టార్షన్ వల్ల కలిగే మేలు నిజమైనది. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి ఘాటు (కొండదారి) మలుపుల్లో ఒక పక్క చక్రం గుంతలోనూ రెండో పక్క చక్రం గట్టి తారు మీదా ఉండటం మామూలే. కమాను బండిలో రెండు చక్రాలనూ కలిపే ఇరుసు ఒక్కటే కావడం వల్ల ఒక చక్రం ఎగిరితే రెండోది కూడా ఒరుగుతుంది, దానితో పెట్టె మొత్తం ఊగుతుంది. టార్షన్‌లో అలా జరగదు. పైగా ఆర్మ్ వెనక్కీ కిందికీ వాలి ఉండటం వల్ల దెబ్బ తగిలినప్పుడు చక్రం పైకి లేవడంతోపాటు కొంచెం వెనక్కి కూడా జరుగుతుంది. అందుచేత దెబ్బ పదును తగ్గుతుంది. మలుపుల్లో ఒరగడం విషయంలోనూ టార్షన్‌దే పైచేయి. కమాను బండిలో బరువును మోసే రెండు కట్టలూ చక్రాలకు బాగా లోపలగా, ఛాసిస్ కింద ఉంటాయి. టార్షన్‌లో ప్రతి చక్రం దగ్గరా దాని రబ్బరే మోస్తుంది కనుక ఆధారం వెడల్పు చక్రాల మధ్య దూరమంత అవుతుంది. ఎత్తయిన పెట్టెను ఘాటులో లాగేవారికి ఈ తేడా స్టీరింగు దగ్గరే తెలుస్తుంది. షాకిళ్లు (కమాను కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే ఆడే లింకులు), బుష్‌లు, పిన్నులు వంటి అరిగే భాగాలు ఇందులో లేవు. కిర్రుమని చప్పుడు రాదు, సస్పెన్షన్‌కు గ్రీజు పెట్టే పని ఉండదు. రబ్బరు నలిగి తిరిగి సాగేటప్పుడు కొంత శక్తిని వేడిగా మార్చి తనలోనే కలుపుకుంటుంది కాబట్టి చిన్న బండ్లకు విడిగా షాక్ అబ్జార్బర్లు కూడా చాలామంది వేయరు.

ఇన్ని మేళ్లున్నా ఒక షరతు ఉంది. ఈ మేళ్లన్నీ యాక్సిల్ సామర్థ్యం బరువుకు సరిపోయినప్పుడే దక్కుతాయి. కమాను కట్టలో ఒక పట్టీ తీసి, ఒక పట్టీ వేసి సర్దుకోవచ్చు. టార్షన్ యాక్సిల్‌లో రబ్బరు ఎంత గట్టిదై ఉండాలో కర్మాగారంలోనే నిర్ణయమైపోతుంది. రబ్బరు నలిగేకొద్దీ మరింత బిగుస్తుంది. దానిపై తక్కువ బరువు పెడితే అది నలగనే నలగదు, చక్రం దాదాపు ఛాసిస్‌కు బిగించినట్లే ఉంటుంది. ప్రతి గతుకూ నేరుగా మీ అలమరలకు, గ్యాస్ పొయ్యికి, నీళ్ల ట్యాంకు బిగింపులకు చేరుతుంది. ఎక్కువ బరువు పెడితే ఆర్మ్ ముందే పైకి లేచిపోయి, చక్రం కదలడానికి చోటు మిగలదు.

ఇప్పుడు మీ బండి లెక్క వేద్దాం. 1,400 కిలోల్లో కొంత బరువు ట్రైలర్‌ను తగిలించే హిచ్ మీద, అంటే మీ జీపు మీద పడుతుంది. అమెరికాలో ఈ భాగాన్ని 10 నుంచి 15 శాతం దాకా ఉంచుతారు. యూరప్‌లో చిన్న కార్లతో లాగుతారు కాబట్టి 5 నుంచి 7 శాతం దగ్గర ఆపుతారు. మీ జీపు హిచ్ ఎంత మోయగలదో దాని తయారీదారు చెప్పిన పరిమితిని బట్టి ఈ రెండింటి మధ్య ఎక్కడో తేలాలి. 12 శాతం హిచ్ మీద ఉంటే యాక్సిల్ మీద 1,232 కిలోలు మిగులుతాయి. 7 శాతమే ఉంటే 1,302 కిలోలు మిగులుతాయి. అంటే మీ యాక్సిల్ మోయవలసింది సుమారు 1,230 నుంచి 1,300 కిలోలు. దీనికి 1,500 కిలోల టార్షన్ యాక్సిల్ ఒకటి వేస్తే అది తన సామర్థ్యంలో 82 నుంచి 87 శాతం దాకా బరువుతో నడుస్తుంది. రబ్బరు చక్కగా పనిచేసే స్థితి అది. 1,350 కిలోల యాక్సిల్ వేస్తే ఎడం చాలదు. మీ తయారీదారు చెబుతున్నట్లు రెండు 1,000 కిలోల యాక్సిళ్లు వేస్తే 2,000 కిలోలు మోయగల రబ్బరు మీద 1,300 కిలోలు కూర్చుంటాయి. అది మూడింట రెండు వంతుల కన్నా తక్కువ. సామాను దించి, ట్యాంకు ఖాళీ చేసి వచ్చే రోజున ఆ నిష్పత్తి ఇంకా పడిపోతుంది. ఎక్కువ సామర్థ్యం ఉంటే ఎక్కువ భద్రత అనే మాట వంతెనలకూ గొలుసులకూ చెల్లుతుంది, రబ్బరు టార్షన్‌కు చెల్లదు. బ్రేకు, బేరింగు పెద్దవి కావాలి, రబ్బరు మాత్రం బరువుకు తగినంతే ఉండాలి అనుకుంటే అదీ సాధ్యమే. పెద్ద యాక్సిల్ మీదే తక్కువ బరువుకు తగిన రబ్బరు వేసి ఇమ్మని కర్మాగారానికి ఆర్డరులో రాయవచ్చు.

ఈ లెక్కంతా 1,400 అనే అంకె నిజమైతేనే నిలుస్తుంది. తయారీదారులు మంచాన్నీ పలకలనూ లెక్కించి, వాటి మీద చేరబోయే జీవితాన్ని మరచిపోతారు. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. బ్యాటరీ, గ్యాస్ సిలిండరు, పరుపులు, వంట సామాను, రెండు కుర్చీలు, మీ శ్రీమతిగారు ప్రయాణానికి సర్దే బియ్యం, పప్పు అన్నీ బరువే. పెట్టె కట్టి, సామాను పెట్టి, ట్యాంకు నింపిన తరువాత లారీలు తూచే కాటాకు తీసుకెళ్లండి. మొదట జీపు నుంచి విడదీసి ట్రైలర్ మొత్తాన్ని తూచండి. తరువాత జీపుకు తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేటట్లు నిలిపి తూచండి. మొదటి అంకె మొత్తం బరువు, రెండవది యాక్సిల్ బరువు, రెండింటి తేడా హిచ్ బరువు. లారీ కాటా చిన్న అంకెలకు అంత నిక్కచ్చి కాదు కనుక హిచ్ బరువును ధాన్యం తూచే చిన్న కాటా మీద, కప్లర్ (హిచ్‌కు తగిలే ట్రైలర్ ముక్కు) కింద ఒక దిమ్మె పెట్టి మరోసారి చూసుకోవడం మంచిది. వీలైతే కుడి చక్రం, ఎడమ చక్రం విడివిడిగా కూడా తూచండి. వంటగదీ, నీళ్ల ట్యాంకూ ఒకే పక్క పెట్టిన బండ్లలో రెండు చక్రాల మధ్య తేడా చాలా ఉంటుంది. దాని ఫలితాన్ని టార్షన్ రబ్బరు ఏళ్ల తరబడి అనుభవిస్తుంది. యాక్సిల్‌కు ఆర్డరు ఇవ్వడానికి ముందు పెట్టె కట్టి ఉండదు కదా అని మీరు అడగవచ్చు. అందుకే ప్రతి వస్తువు బరువూ కాగితం మీద రాయించుకోండి, పూర్తయిన బండి యాక్సిల్ బరువు 1,300 దాటితే తయారీదారే బాధ్యత వహించాలని ముందే ఒప్పించండి.

ఇక రెండు యాక్సిళ్ల విషయం. నేను వద్దనడానికి బిరుసుతనం ఒక్కటే కారణం కాదు. కమాను బండిలో ముందు కట్టకూ వెనుక కట్టకూ మధ్య ఈక్వలైజర్ అనే చిన్న ఉక్కు బద్ద ఉంటుంది. అది మధ్యలో కీలు మీద, భుజం మీద కావడిబద్దలాగా ఆడుతుంది. ముందు చక్రం గట్టు ఎక్కితే ఆ బద్ద వాలి, వెనుక చక్రం మీదికి బరువు పంచుతుంది. అందువల్ల నాలుగు చక్రాలూ ఎప్పుడూ దాదాపు సమానంగా మోస్తాయి. టార్షన్‌లో ఈ పంపకం లేదు. ముందు యాక్సిల్ స్పీడ్ బ్రేకరు ఎక్కినప్పుడు బరువులో పెద్ద భాగం ఒక్కదాని మీదే పడుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో, నున్నగా ఉండాలి. మన ఊళ్ల పొలిమేరల్లో జనం తమ పిల్లల క్షేమం కోసం సొంతంగా పోసుకున్న గట్లు దానికన్నా నిటారుగా ఉంటాయి. టార్షన్ చక్రం మామూలు బరువు మీద నుంచి పైకి కదలగలిగేది సాధారణంగా 7, 8 సెంటీమీటర్లే. అలాంటి గట్టు మీద మీ 1,300 కిలోలూ, క్షణకాలమే అయినా, 1,000 కిలోల యాక్సిల్ ఒక్కటే మోయవలసి రావచ్చు. మామూలు దారిలో బిరుసు, గట్టు మీద అధిక భారం: రెండు టార్షన్ యాక్సిళ్ల అమరికలో ఈ రెండు నష్టాలూ కలిసే వస్తాయి.

రెండు టార్షన్ యాక్సిళ్లున్న బండి ఎప్పుడూ సమతలంగా నడవాలి. జీపు హిచ్ ఎత్తుగా ఉండి ట్రైలర్ ముక్కు పైకి లేస్తే బరువంతా వెనుక యాక్సిల్ మీదికి పోతుంది, ముక్కు వాలితే ముందు యాక్సిల్ మీదికి వస్తుంది. మీ జీపు లాంటి ఎత్తు బండ్లతో ఇది తరచూ జరిగేదే. ఇంకొకటి, ఘాటులోని గట్టి మలుపుల్లో రెండు యాక్సిళ్ల బండి టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి. కమాను బండిలో ఆ ఈడ్పును పట్టీలూ షాకిళ్లూ కొంత సర్దుకుంటాయి, టార్షన్‌లో అది ఆర్మ్‌ల మీద అడ్డంగా పడుతుంది.

మీ తయారీదారు మాటలో ఒప్పుకోవలసిన భాగం కూడా ఉంది. ఒక్క యాక్సిల్ బండిలో ఘాటు మీద టైరు పేలితే బండి ఒక పక్కకు కూలబడుతుంది. నాలుగు చక్రాలుంటే నెమ్మదిగా పక్కకు తీసుకోవడానికి వీలుంటుంది. ఈ భయం న్యాయమైనదే. దానికి విరుగుడు టైరులోనే ఉంది. 1,300 కిలోలను రెండు టైర్లు పంచుకుంటే ఒక్కొక్కదాని మీద 650 కిలోలు పడతాయి. లోడ్ ఇండెక్స్ 91 అని ముద్ర ఉన్న టైరు 615 కిలోలకే పనికివస్తుంది కాబట్టి అది చాలదు. 97 అయితే 730 కిలోలు, 100 అయితే 800 కిలోలు మోస్తుంది. మీరు 100 వేయించుకోండి. టైరు అరగకపోయినా ఎండకు పగులుతుంది కనుక పక్క గోడ మీద తయారీ వారం, సంవత్సరం చూసి పాతబడినప్పుడు మార్చండి. ప్రతి ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. ట్రైలర్ టైర్లు పేలడానికి అతి సాధారణమైన కారణం గాలి తక్కువగా ఉండి టైరు వేడెక్కడమే.

మేస్త్రిగారి భయంలో బలమైన భాగం మరమ్మతు. రబ్బరు కడ్డీలను కర్మాగారంలో బాగా చల్లబరచి, సన్నబడేటట్లు చేసి గొట్టంలోకి తోస్తారు. మామూలు వేడికి వచ్చాక అవి ఉబ్బి బిగుసుకుంటాయి. ఈ పని సాలూరులోనే కాదు, విశాఖపట్నంలోనైనా మామూలు వర్క్‌షాపులో చేయలేరు. రబ్బరు చచ్చుబడినా, ఆర్మ్ వంగినా యాక్సిల్ మొత్తం మార్చవలసిందే. కొత్తది వచ్చేదాకా బండి కదలదు. కమాను పట్టీ విరిగితే రాయగడలోనో జయపురంలోనో సాలూరులోనో సరిపోయే పట్టీ చూసి వేస్తారు. దారి మధ్యలో అయితే చెక్క దిమ్మె, గొలుసు కట్టుకుని నెమ్మదిగా ఊరు చేరవచ్చు. ఈ సౌలభ్యాన్ని నేను తక్కువ చేయను. నెలల తరబడి మల్కన్‌గిరి లోపలి దారుల్లో తిరిగేవారైతే మారుమాట లేకుండా కమానే వేయించుకోమనేవాణ్ణి. మీరు రాసిన ఊళ్లన్నీ తారు రోడ్డు మీద చేరగలిగినవి, లారీ మీద ఎక్కించి తేగలిగిన దూరంలో ఉన్నవి. బరువు మించకుండా చూసుకుంటే టార్షన్ ఉన్నట్టుండి విరగదు, ఏళ్ల మీద మెల్లగా కుంగుతుంది. ఆ కుంగుబాటును కొలిచి ముందే కనిపెట్టవచ్చు. దారిలో ఆపేసేవి సాధారణంగా బేరింగులూ టైర్లే, అవి రెండు రకాల్లోనూ ఒకటే. కనుక బేరింగుల సెట్టు, ఆయిల్ సీళ్లు, గ్రీజు డబ్బా, వీలైతే బేరింగులు అమర్చిన హబ్బు ఒకటి బండిలోనే ఉంచండి. బేరింగుల గ్రీజు ఏడాదికి ఒకసారి, లేదా సుమారు 19,000 కిలోమీటర్లకు ఒకసారి, ఏది ముందైతే దాని ప్రకారం మార్చాలి.

బండి కట్టే దశలోనే జరిగే ఒక తప్పు టార్షన్ యాక్సిల్‌ను మొదటి రోజునే పాడుచేస్తుంది. దీన్ని మీరు స్వయంగా నిలబడి చూసుకోవాలని నా కోరిక. యాక్సిల్ గొట్టానికి ఏదీ వెల్డింగు చేయనివ్వవద్దు. వెల్డింగు వేడి గొట్టం గోడ దాటి లోపలి రబ్బరును కాల్చేస్తుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. కర్మాగారం నుంచి వచ్చిన బ్రాకెట్లనే బోల్టులతో ఛాసిస్‌కు బిగించాలి. ఆ బ్రాకెట్ల దగ్గర ఛాసిస్‌ను బలపరచడం కూడా అవసరం. కమాను బండిలో బరువు ముందు, వెనుక హ్యాంగర్ల (కట్ట చివరలను పట్టి ఉంచే బ్రాకెట్ల) మీద పంచుకుని ఛాసిస్‌కు చేరుతుంది. టార్షన్‌లో ఒక్కో పక్క ఒక్క బ్రాకెట్ మీదే పడుతుంది. సన్నని ఛానెల్‌తో కట్టిన ఛాసిస్‌లు సరిగ్గా అక్కడే చిట్లుతాయి. బాక్స్ సెక్షన్ ఉక్కు వాడి, బ్రాకెట్ ఉన్న చోట లోపల అడ్డపలక వేయించండి. యాక్సిల్ గొట్టమే ఒక అడ్డకమ్మీలా ఛాసిస్‌ను బిగించి ఉంచుతుంది, అది ఇందులో అదనపు లాభం.

ఆర్మ్ ఏ కోణంలో మొదలవ్వాలో కూడా ఆర్డరులో రాయవలసి ఉంటుంది. బరువు లేనప్పుడు ఆర్మ్ 45 డిగ్రీలు కిందికి వాలి ఉండే రకం, 22.5 డిగ్రీలు వాలి ఉండే రకం, సమతలంగా ఉండే రకం దొరుకుతాయి. ఆర్మ్ పొడవు 15 సెంటీమీటర్లనుకుంటే 45 డిగ్రీల రకం 22.5 డిగ్రీల దానికన్నా బండిని సుమారు 5 సెంటీమీటర్లు ఎత్తున నిలబెడుతుంది. మీ దారులకు 45 డిగ్రీలదే కావాలి. ఎక్కడానికి మెట్టు కొంచెం ఎత్తవుతుంది, కానీ వానకు కోసుకుపోయిన రోడ్డు అంచుల మీద ఛాసిస్ తగలదు.

వాతావరణం గురించి రెండు మాటలు చాలు. గడ్డకట్టే చలిలో రబ్బరు బిరుసెక్కుతుందని ఉత్తర అమెరికా వారు చెప్పుకునే ఇబ్బంది మీకు వర్తించదు. సెమిలిగుడ, పొట్టంగి చలి ఎంత గట్టిదైనా రబ్బరును గట్టిపరచేంత కాదు. గోపాల్‌పూర్ ఉప్పుగాలి మాత్రం గొట్టాన్నీ బ్రాకెట్ బోల్టులనూ తింటుంది. జింకు పూత ఉన్న యాక్సిల్ తీసుకోండి, తీరం నుంచి రాగానే అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడిగించండి.

మీరు అడిగిన వానాకాలపు జాగ్రత్త చాలా అవసరమైనది. రబ్బరు నెలల తరబడి ఒకే భారం కింద నలిగి ఉంటే ఆ ఆకారానికే అలవాటు పడి, కొంత శాశ్వతంగా కుంగిపోతుంది. షెడ్డులో పెట్టేటప్పుడు నీళ్ల ట్యాంకు ఖాళీ చేయండి, బరువైన సామాను దించండి, యాక్సిల్ బ్రాకెట్‌కు దగ్గరగా ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టి చక్రాల మీది భారాన్ని చాలావరకు తీసివేయండి. జాకీ ఎప్పుడూ ఛాసిస్ కిందే పెట్టాలి, యాక్సిల్ గొట్టం కింద గానీ ఆర్మ్ కింద గానీ పెట్టకూడదు. పంక్చరు వేయించేటప్పుడు ఇది దుకాణం కుర్రవాడికి మీరే చెప్పాలి. లారీలకు అలవాటైన చెయ్యి నేరుగా ఇరుసు కిందికే పోతుంది. గొట్టం వంగితే చక్రాల వాలు మారి టైర్లు ఒక పక్కే అరుగుతాయి.

బండి కొత్తగా వచ్చిన రోజున, పూర్తి సామానుతో, చదునైన సిమెంటు నేల మీద నిలిపి, రెండు పక్కలా నేల నుంచి ఛాసిస్ దాకా ఎత్తు కొలిచి రాసి పెట్టుకోండి. ఆర్మ్ కోణాన్ని పక్క నుంచి ఫోటో తీసి ఉంచండి. ఏటా అదే బరువుతో, అదే చోట కొలవండి. ఎత్తు ఏడాదికేడాది తగ్గుతున్నా, ఒక పక్క రెండో పక్కకన్నా వాలినా రబ్బరు అలసిపోతోందని తెలుసుకోవాలి. మీరు వేయించే 45 డిగ్రీల రకంలో మామూలు బరువు మీద ఆర్మ్ నేలకు సమాంతరంగా వచ్చిందంటే, ఇంకా చెప్పాలంటే దానికన్నా పైకి లేచిందంటే, ఆ యాక్సిల్ పని అయిపోయినట్లే. సరైన బరువుతో వాడినవి పదిహేను, ఇరవై ఏళ్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ కూడా పనిచేస్తాయి.

ఒకవేళ మీ మనసు కమాను వైపే మొగ్గితే అది తప్పు నిర్ణయమేమీ కాదు. అయితే మేస్త్రిగారితో ఒక విషయం తేల్చుకోండి. లారీకి బలం ముఖ్యం కాబట్టి ఆయన చెయ్యి అదనపు పట్టీ వైపే పోతుంది. మీ ట్రైలర్‌కు ఆ అదనపు పట్టీ శత్రువు. అది పెట్టెలోని మరలను ఒక్కొక్కటిగా వదులు చేస్తుంది. కాటా చెప్పిన బరువుకు తగినన్ని పట్టీలే వేయించండి. ప్లాస్టిక్ బుష్‌లకు బదులు కంచు బుష్‌లు, గ్రీజు నిపిల్ ఉన్న షాకిల్ బోల్టులు పెట్టించండి, ఒక్కో చక్రానికి ఒక షాక్ అబ్జార్బరు వేయించండి. రెండు యాక్సిళ్లయితే ఈక్వలైజర్ కీలును ప్రతి ప్రయాణానికి ముందు చూడండి, అన్నిటికన్నా ముందు అరిగేది అదే. కట్టను ఇరుసుకు బిగించే యూ-బోల్టులను కొత్తలో కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి మళ్లీ బిగించాలి.

బ్రేకుల విషయంలో రెండు రకాలకూ తేడా లేదు. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకు తప్పనిసరి. మీది దానికి దాదాపు రెట్టింపు. సుంకి నుంచి సాలూరుకు దిగేటప్పుడు జీపును తక్కువ గేరులో ఉంచి దిగండి. బ్రేకు మీద కాలు ఉంచుకుని దిగితే ట్రైలర్ డ్రమ్ములు కూడా వేడెక్కి పట్టు సడలుతుంది.

తయారీదారుకు ఇచ్చే ఆర్డరులో ఈ విషయాలు ఉండాలి: టార్షన్ యాక్సిల్ ఒకటి, సామర్థ్యం 1,500 కిలోలు, ఆర్మ్ కోణం 45 డిగ్రీలు కిందికి, జింకు పూత, బ్రేకుతో సహా, బోల్టులతో బిగించే బ్రాకెట్లు, గొట్టం మీద వెల్డింగు నిషేధం, టైర్ల లోడ్ ఇండెక్స్ 100. ట్రైలర్ కూడా చట్టం దృష్టిలో విడిగా ఒక వాహనమే కనుక దాని రిజిస్ట్రేషన్ గురించీ, మీ జీపు దానిని లాగడానికి అనుమతి గురించీ కొరాపుట్ ఆర్టీఓ కార్యాలయంలో బయానా ఇవ్వక ముందే కనుక్కోండి. బండి చేతికి వచ్చాక చక్రాల నట్లను టార్క్ రెంచితో బిగించి, మొదటి 16, 40, 80 కిలోమీటర్ల దగ్గర ఆగి మళ్లీ చూడండి. చక్రం విప్పి పెట్టిన ప్రతిసారీ ఇదే వరుస పాటించండి.